పెద్దవ్వ చెలిమె

నా చిన్నప్పుడు, ఒక లారీ హారన్ మోగించాలన్న ఆశకు మా పెద్దవ్వ తాగే నీళ్లు పోగొట్టాను. చిన్నవాణ్ణి, తెలియక చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలియక కాదు. ఆ నీళ్లు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టే చేయగలిగాను.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. మంథని దిక్కున, మానేరు ఒడ్డున మా ఊరు. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు, భూమి లేదు. చలికాలం చివర వాగు సన్నబడగానే ఇసుకలో గుడిసె వేసుకుని పుచ్చ తీగలు పెట్టేది. వానలు పడేదాకా ఆ ఇసుకే ఆమె పొలం. అవ్వ, బాపు కూలికి పోతూ నన్ను ఆమె దగ్గర వదిలేవారు.

ఆమె తాగేదీ, తీగలకు పోసేదీ చెలిమె నీళ్లే. ఇసుకలో మోచేతి లోతు గుంత తవ్వితే ఊరే నీళ్లు అవి. పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిపించి, ఇసుక ఎక్కడ చల్లగా వేళ్లకు అంటుకుంటుందో నా కాళ్లకు నేర్పింది. చెలిమె దగ్గర మాత్రం తొందరపడనిచ్చేది కాదు. రాత్రి నిలిచిన నీళ్లను కొబ్బరి చిప్పతో తోడి పక్కన పోసి, కొత్తవి ఊరేదాకా కూర్చోబెట్టేది, దాహంతో నాకు ఏడుపొచ్చినా సరే. లేచేటప్పుడు పశువులు తొక్కకుండా తుమ్మకొమ్మ కప్పి, తీతువు పిట్ట దూరి తాగేంత సందు వదిలేది.

ఒక ఆదివారం ఆమె ప్రార్థనకు ఊళ్లోకి పోతూ తోట నాకు అప్పజెప్పింది. బొగ్గుబాయిల దిక్కు ఇండ్లు కడుతున్నారని, ఇసుక కోసం ఆ రోజు మొదటిసారి లారీ వాగులోకి దిగింది. డ్రైవరు చెడ్డవాడేం కాదు. ఎక్కడ తవ్వినా పారకు బురద తగులుతోందని విసిగిపోయి ఉన్నాడు. మంచి ఇసుక ఎక్కడుందో ఎరుకేనా అని అడిగాడు. ఎరుకే. పెద్దవ్వ నేర్పిన కాళ్లతో నడిచి, మా చెలిమెకు కొంచెం ఎగువన చూపించాను. అక్కడ చేయి భుజందాకా పోయినా ఇసుకే. అతను నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని హారన్ రబ్బరు బుడ్డ చేతికిచ్చాడు. ఒడ్డున గొర్రెలు బెదిరేదాకా నొక్కాను.

ఆ తర్వాత లారీలు ఆగలేదు. పెద్దవ్వ వద్దని చెప్పి చూసింది. ఊళ్లోవాళ్లకు తట్టలు మోసే కూలి దొరికింది, ఆమె మాట ఎవరు వింటారు? ఎగువన గుంత పెద్దదైనకొద్దీ ఇసుకలోని నీరంతా అందులోకి దిగిపోయింది. పశువులు తొక్కి ఆ నీళ్లు పచ్చబారాయి. ఒక పొద్దున మా చెలిమెలో చిప్ప పొడి ఇసుకను గీకింది.

చూపించింది నేనేనని అప్పుడు చెప్పేశాను. ఆమె చిప్పలోని ఇసుక దులిపింది. తర్వాత అడిగింది.

"హారన్ మంచిగ మోగిందా కొడుకా?"

వెక్కిరించిందో, నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మోగిందన్నాను.

చిప్ప నా చేతిలో పెట్టి తవ్వమంది. నేను అలసిపోతే ఆమె, ఆమె అలసిపోతే నేను. చివరికి నల్లటి బంకమట్టి తగిలింది. ఆమె పిడికెడు తీసి నా అరచేతిలో పెట్టింది.

"గిదే అడుగు. గీ ఇసుక ఎన్నేండ్ల వానలకు వచ్చిందో మా అవ్వకు గూడ ఎరుకలేదు. ఇగ ఎంతసేపు కూసున్నా నీళ్లు ఊరయ్."

కొట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో.

ఆ ఎండాకాలమంతా ఊరి బావి నుంచి ఆమె తీగలకు బిందెతో నీళ్లు మోశాను. సగం తీగలు ఎండిపోయాయి. మరుసటి ఏడు ఆమె వాగులోకి దిగలేదు. మా అరుగు మీద కూర్చునేది. బావి నీళ్లు ముందు పెడితే చిప్పెడు పక్కన పారబోసి, దేనికోసమో కాసేపు ఆగి, అప్పుడు తాగేది.

పెద్దయ్యాక వాగు గట్టున చేను కొన్నాను. ఇప్పుడు ఇసుక ట్రాక్టర్లు దిగడానికి నా చేలోంచే దగ్గర దారి. ఇవ్వనని కందకం తవ్వించాను. ట్రాక్టర్లు నడిపేది మా ఊరి పిల్లలే. "తాత ఇల్లు గాలితోని కట్టిండా?" అని చాయ్ హోటల్ దగ్గర నాకు వినబడేటట్టు అంటారు. ఇసుకతోనే కట్టాను. నేను బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్లు లేచి వెళ్లిపోతారు.

నా చేను ముందు కొంచెం ఇసుక మిగిలింది. ప్రతి ఎండాకాలం అందులో ఒక చెలిమె తవ్వుతాను. తాగడానికి ఎవరూ రారు, అందరి ఇండ్లలో డబ్బా నీళ్లున్నాయి. అయినా పాత నీళ్లు తోడి పోసి, కొత్తవి ఊరేదాకా ఒక్కణ్ణే కూర్చుంటాను. లేచేటప్పుడు తుమ్మకొమ్మ కప్పి, పిట్ట దూరేంత సందు వదులుతాను.