చదవకుండా దాటేసిన వాక్యాలు

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, షర్క్ పేటలో సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, వెనక సీట్లో, వీసా ఇచ్చి నన్ను పనిలో పెట్టుకున్న మా కఫీల్ కూతురు కాలేజీలో ఇవ్వవలసిన ఉపన్యాసాన్ని పైకి చదువుకుంటూ ఉంది. ఎవరి గురించమ్మా అని అడిగితే నవ్వి, నాకు అర్థమయ్యే అరబ్బీలో విడమరిచి చెప్పింది. రెండు వందల ఏళ్ళ కిందటి ఫ్రెంచి ఆలోచనాపరుడట, లెక్కల్లో పండితుడట. ఆడవాళ్ళకూ మగవాళ్ళతో సమానంగా చదువూ ఓటూ ఉండాలన్నాడట, మొగుడూ పెళ్ళాల్లో ఒకరికే చదువుంటే ఆ ఇంట్లో సమానత్వం నిలవదన్నాడట. ఎక్కడో పుట్టిన ఆ పెద్దమనిషికి మా సంసారం సంగతి ఎలా తెలిసిందా అని అప్పటినుంచీ నాకు ఒకటే ఆశ్చర్యం.

కడప జిల్లా నుంచి మేమిద్దరం ఇక్కడికి వచ్చిన కొత్తలో మా ఆవిడ ఒక ఇంట్లో వంట చేసేది, నేను మరో ఇంట్లో డ్రైవర్ని. అవి ఉత్తరాల రోజులు, మన తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తనకు చదువు రాదు కనుక శుక్రవారం సెలవుపూట ఉత్తరం పట్టుకొని నా దగ్గరికి వచ్చేది. తనతో పనిచేసే గోదావరి ఆవిడ అక్షరాలు నేర్పుతానంటే, నేనుండగా నీకెందుకని మాన్పించాను. ఊళ్ళో మా అమ్మాయిని పెంచుతున్న అత్తగారు ఒకసారి బడి అయ్యవారి చేత రాయించింది: పిల్ల పదో తరగతిలో బడికంతా మొదట వచ్చింది, టౌన్లో కాలేజీకి పంపుతాను, నీ మాటేమిటి అని తన కూతుర్ని, అంటే మా ఆవిడను అడిగింది. వానలు పడ్డాయట, ఆవు ఈనిందట అని మాత్రం చదివి, ఆ వాక్యాలు దాటేశాను. ఇక చదువు చాలని మా ఆవిడే చెప్పినట్టు జవాబు రాసి పంపాను. ఆడపిల్ల దూరం పోతుందన్న భయమనుకున్నాను అప్పట్లో. ఇంట్లో చదివేవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉండాలన్న ఆశేమో అనిపిస్తోంది ఇప్పుడు.

ఈ శుక్రవారం, ఎప్పుడో ఊరికి తిరిగి వెళ్ళిపోయిన మా ఆవిడకు ఫోన్ చేసి ఇదంతా ఒప్పుకున్నాను.

"నాకు తెల్సులేయ్యా. కాయితానికి రెండు పక్కలా రాసుంటే నువ్వు సదివింది నాలుగు మాటలు. సదువు రాదు గానీ, కండ్లు లేవా నాకు?"

మరి అప్పుడే అడగలేదేమన్నాను.

"అడిగినా సదివేది నువ్వే గదా. నాకెందుకు సెప్తావు, బిడ్డకు సెప్పుకో పో."

ఇప్పుడు ఇక్కడ పనిచేసే మన ఆడవాళ్ళు వంటింట్లో నిలబడి వీడియోలో ఊళ్ళోని పిల్లల మార్కులు అడుగుతున్నారు, మధ్యలో చదివిపెట్టే మగవాడితో పనిలేదు. నేను మాత్రం మా అమ్మాయి నంబరు తెరమీద పెట్టుకొని కూర్చున్నాను. వాళ్ళమ్మ మాటగా ఆనాడు అంత సులువుగా రాసేసినవాడికి, నీ చదువు ఆపింది నేనేనన్న ఈ ఒక్క మాట తన మాటగా చెప్పడానికి నోరు రావడం లేదు.