చూసింది, అనుకున్నది

తడ దగ్గరి ఒక ఫ్యాక్టరీలో, కొలత పరికరాలను సరిచూసే గదిలో నేను పనిచేస్తాను. మీటరు సరిచూశాక దాని మూతకు తీగ చుట్టి, తీగ కొసల మీద సీసం బిళ్ళ పెట్టి పటకారుతో నొక్కుతాను. సీసం మెత్తనిది కాబట్టి పెద్దగా మోగదు. టుక్కుమని, పండిన రేగుపండు మీద కాలు వేసినట్టు చిన్న చప్పుడు. మొన్న ఆ చప్పుడు చెవిన పడిన క్షణంలోనే పక్క క్యాంటీన్ టీవీలో, అణుబాంబులు దాచుకున్న ఒక దేశాన్ని కొట్టాలా వద్దా అని నలుగురు అరుచుకుంటున్నారు. రెండూ కలిసి వినబడేసరికి రాఘవయ్య సార్ పక్కన నిలబడినట్టయింది.

ఆయన దొరవారిసత్రం దగ్గర వరి రైతుల బిడ్డ. భౌతికశాస్త్రం చదివి, దేశాల దగ్గరున్న అణుపదార్థాన్ని లెక్కచూసే ఒక అంతర్జాతీయ సంస్థలో చాలా ఏళ్ళు తనిఖీదారుగా చేసి, ఊరికి తిరిగి వచ్చారు. నేను పులికాటు సరస్సు ఒడ్డున, కుప్పం అని పిలిచే ఒక జాలరి పల్లెలో, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టాను. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, పరికరాల సంగతి నేర్చుకుందామని ఆయన దగ్గరికి వెళ్ళాను. అంత అనుమానపు మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బియ్యం కొట్టుకు వెళితే జేబులోంచి తన సొంత కిలో రాయి తీసి ముందు కాటాను తూచేవారు. రెండు గడియారాలు పెట్టుకునేవారు. రెండూ ఒకే సమయం చూపిస్తే, రెండూ తప్పేమో అనేవారు. ఆయన నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నడుమ ఒక గీత ఉండేది. ఎడమ పక్క చూసింది, కుడి పక్క అనుకున్నది. ఒక పక్కది రెండో పక్కకు రాస్తే ఆ పేజీ చింపించి మళ్ళీ రాయించేవారు.

ఒక సాయంత్రం ఆయన వసారాలో టీవీ చూస్తున్నాం. అదే దేశం, అదే వాదన. నేను వేళ్ళు ముడుస్తూ చెప్పాను. ఒకటి, వాళ్ళు అబద్ధాలకోర్లు. రెండు, పక్క దేశాలను బెదిరిస్తున్నారు. మూడు, నాలుగు చోట్ల పని నడుస్తోందని తెలిసిపోయింది. కాబట్టి ఆ నాలుగూ కొట్టేస్తే సరిపోతుంది.

"నాలుగేనని నీకెవరు చెప్పినారబ్బయ్యా?"

"పైనుంచి తీసిన ఫొటోలు ఉన్నాయి కదా సార్."

"అయిదోది కొండ కింద ఉంటే?"

నేను ముడిచిన వేళ్ళు విప్పాను.

"మమ్మల్ని విమానం ఎక్కించి పంపించేసిన రోజు, ఆ దేశంలో ఏ గదిలో ఎన్ని పీపాలు ఉండాయో నాకు నోటికి వచ్చు. వారం తిరిగేసరికి ప్రపంచంలో ఎవడికీ తెలవదు. బయట వాళ్ళు కొడతామని రంకెలేసినారు, లోపల వాళ్ళు తలుపేసుకున్నారు. దాంతో మా కళ్ళు పోయినాయి."

"అయితే వాళ్ళని నమ్మాలంటారా?"

"నమ్మమని ఎవరన్నారు? నేను ఆ దేశంలో టీ కూడా వాళ్ళు తాగినాకనే తాగినా." ఆయన నవ్వలేదు. "నమ్మకం లేదు కాబట్టే లోపల ఉండాల. రోజూ పోవాల, రోజూ లెక్క చూడాల. ఇంకోటి. వాళ్ళు దేనికి భయపడి అది పెట్టుకున్నారో అడగాల. ఆ భయం తగ్గించకుండా బాంబు వదలమంటే ఎవడొదులుతాడు?"

నాకు అది పిరికి మాటలా తోచింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆ ఏడాదే మా కుప్పానికీ ఎదుటి కుప్పానికీ తగువు ముదిరింది. పులికాటులో ఏ కుప్పం ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీటీలు తీసి పంచుకుంటారు. దాన్ని పాడు అంటారు. ఎదుటి కుప్పం వాళ్ళు పాడు మీరకపోయినా, చిన్న కన్నుల వలలు తెచ్చుకున్నారు. అవి రొయ్య పిల్లలను కూడా ఊడ్చేస్తాయి. రెండేళ్ళు అవి ఆడితే సరస్సులో మాకూ ఉండదు, వాళ్ళకూ ఉండదు. అడగబోయిన మా పడవల మీద రాళ్ళు వేశారు. మా పెదనాన్న కొడుకు పోలయ్యన్న, వలలు తగలబెట్టి వద్దామని మనుషులను కూడగట్టాడు.

రాఘవయ్య సార్ రెండు కుప్పాల మధ్యా తిరిగారు. ఎదుటి కుప్పం పెద్ద కోదండయ్య ఆయనతో ఒకటే అన్నాడట: "మీ పడవలు మా పడవలకు రెండింతలు. రేపు పాడు రోజున మమ్మల్ని తోసేస్తే మాకేముండాది సార్?" పాడు హద్దుల దగ్గర మా పడవలు ఆగేలా మా వాళ్ళను ఒప్పించి, అప్పుడు చిన్న కన్నుల వలలు పక్కన పెట్టేందుకు వాళ్ళను ఒప్పించారు. వలలు వాళ్ళ కొట్టంలోనే ఉంటాయి. పన్నెండు మూటలు, మూటకో తీగ చుట్టి నొక్కిన సీసం సీలు. తలుపుకు రెండు తాళాలు, కుప్పానికొకటి. చీటీలు తీసే రోజున, ఇరువైపుల పెద్దల ఎదుట మాత్రమే తలుపు తీసి మూటలు విప్పి లెక్క చూడాలి. మధ్యలో సీళ్ళను కిటికీలోంచి చూసి రావడం నా పని.

"తుప్పు పట్టని తీగ వాడు," అన్నారు సార్. సూళ్ళూరుపేటలో ఆ రోజు అది దొరకలేదు. ఇల్లు కట్టేటప్పుడు కమ్మీలు బిగించే ఇనుప తీగ కొన్నాను. తీగ తీగే కదా అనుకున్నాను. అనుకున్నది ఏ పక్కన రాయాలో తెలిసి కూడా, ఎక్కడా రాయలేదు.

కొన్ని వారాలకు కిటికీలోంచి చూస్తే రెండు మూటల సీళ్ళు కింద పడి ఉన్నాయి. చీటీలు తీయడానికి ఇంకా మూడు రోజులు ఉంది. సార్‌కు చెప్పకముందే పోలయ్యన్నకు ఫోను చేశాను.

"తెగినాయా, తెంచినారా?" అని అడిగాడు.

"తెంచినట్టే ఉండాయన్నా."

మరునాడు మిట్టమధ్యాహ్నం, ఎదుటి కుప్పం మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా, మా వాళ్ళు కొట్టానికి నిప్పు పెట్టారు. ఒంటరిగా ఉన్న కోదండయ్య తలుపు విరగ్గొట్టి మూటలు బయటికి లాగబోయాడు. నైలాను కరిగి రెండు అరచేతులకూ అంటుకుంది.

సాయంత్రం సార్ బూడిదలోంచి కాదు, కిటికీ పక్కన ఇసుకలో పడిన తీగ ముక్కను ఏరి తెచ్చారు. భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. కత్తిరించిన చోట ఉండే చదును లేదు. కొస సన్నబడి, సూదిలా, తుప్పుతో ఎర్రగా ఉంది. ఆ రెండు మూటలే కిటికీ పక్కన ఉండేవి, ఉప్పుగాలి తగిలే చోట.

"ఏం చూసినావు?"

"సీళ్ళు పడి ఉండటం చూశాను."

"ఏం చెప్పినావు?"

నేను భూతద్దం పక్కన పెట్టాను. ఆయన తిట్టలేదు. "వాళ్ళ మీద నీకు అనుమానం ఎక్కువై కాదబ్బయ్యా ఈ పని జరిగింది. నీ మీద నీకు అనుమానం తక్కువై జరిగింది," అన్నారు. నాకు ఇప్పటికీ వీడని సందేహం ఒకటుంది. ఆ మూటల్లో వలలన్నీ ఉన్నాయా, ముందే కొన్ని తీసుకుపోయారా? ఎదుటి కుప్పం వాళ్ళు దొంగలు కారని నేను ప్రమాణం చేయలేను. మూడు రోజులు ఆగి ఉంటే మూటలు విప్పి లెక్కపెట్టేవాళ్ళం. బూడిదను ఎవరూ లెక్కపెట్టలేరు.

వారం తర్వాత సార్ నన్ను ఎదుటి కుప్పానికి తీసుకెళ్ళారు. తీగ నేను కొన్నదేనని, మాట నేను అన్నదేనని అందరి ముందూ చెప్పాను. ఎవరూ కొట్టలేదు. "విన్నాం, ఇంక పోండి," అన్నారు. ఆ నెలలోనే చిన్న కన్నుల వలలు కొత్తవి వచ్చాయట. ఈసారి కొట్టంలో పెట్టలేదు. సరస్సు నడుమ దిబ్బల మీద ఎక్కడో ఉన్నాయి. ఎన్నో, ఎక్కడో మా వాళ్ళలో ఎవరికీ తెలియదు. రొయ్య తగ్గుతోంది. పోలయ్యన్న ఇప్పటికీ దిబ్బలన్నీ తగలబెడదామంటాడు. ఏ దిబ్బ అన్నా అని అడిగితే నా మీద విసుక్కుంటాడు.

సార్ నిరుడు పోయారు. పోయే ముందు నెల వరకూ, చీటీలు తీసే ప్రతిసారీ ఎదుటి కుప్పం ఒడ్డుకు వెళ్ళి లెక్క చూడనివ్వమని అడిగేవారు, వాళ్ళు కాదనేవారు. ఇప్పుడు ఆయనలాగే నడుమ గీత గీసిన నోటుపుస్తకం పట్టుకుని నేను వెళుతున్నాను. ఫ్యాక్టరీలో సెలవు పెట్టుకుని వెళ్ళి, పడవ దిగే చోటనే ఆగిపోతాను. అంతకు మించి రానివ్వరు. క్యాంటీన్‌లో కొట్టాలా వద్దా అని నన్ను అడిగినవాళ్ళకు ఇదంతా చెప్పలేక, ముందు లోపలికి పోవాలి అని మాత్రం అన్నాను.

పోయినసారి కోదండయ్య ఒడ్డుకు వచ్చాడు. ముడుచుకుపోయిన రెండు అరచేతుల మధ్య టీ గ్లాసు పట్టుకుని, ముందు తాను ఒక గుక్క తాగి, నా చేతికిచ్చాడు.

"ఈ తూరి ఏం చూసినావబ్బయ్యా?"

"ఏమీ చూళ్ళేదు పెద్దయ్యా."

"అదే రాసుకో," అన్నాడు. "వచ్చే తూరి రా."