గుడ్ల అట్ట మీద డెబ్బై గింజలు

ఒకరోజు పొద్దున వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి మా బాపు, ఎనిమిదేళ్ల నా కూతురు అరుగు మీద పక్కపక్కన కూర్చుని బీడీలు తాగుతున్నారు. ఇద్దరూ దర్జాగా గోడకు ఒరిగారు. ఇద్దరి తలలకూ మఫ్లర్లు చుట్టి ఉన్నాయి. బాపు రెండు వేళ్ల మధ్య ఉన్నదాన్ని నోటి దగ్గర పెట్టుకుని, గట్టిగా లోపలికి పీల్చి, ఆకాశం వైపు పొగ వదిలాడు. నా కూతురు అంతకంటే పెద్ద పొగ వదిలింది. నా చేతిలో అట్లకాడ ఉంది. దాన్ని పట్టుకునే ఉరికాను.

దగ్గరికి పోయి చూస్తే అవి చీపురుపుల్లలు. పొగ ఉత్త నోటి ఆవిరి. ఆదిలాబాద్ చలికి ఏడు దాటినా నోరు తెరిస్తే చాలు, ఆవిరి వస్తుంది.

“జర ఆగు బిడ్డా, బీడీ అయిపోనియ్యి. గిది డాక్టరు సుత ఒద్దనడు,” అన్నాడు బాపు. నా కూతురు పుల్ల చివర లేని బూడిదను చిటికేసి దులిపింది.

నిజానికి నవ్వాల్సింది. నాకు కోపం వచ్చింది. ఏడు గంటలకు రబ్బరు బంతి నొక్కాల్సిన మనిషి ఏడుంబావుకు ఉత్తుత్తి బీడీ తాగుతున్నాడు, నా కూతురేమో బడికి తయారు కాకుండా ఆయనకు తోడు కూర్చుంది. ఇద్దరినీ కలిపి కడిగేశాను. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ను. తిట్టడం కూడా మొదటి తప్పు, రెండో తప్పు అని వరుసలో తిడతానని మా ఆయన అంటుంటాడు.

ఆ బంతి సంగతి చెప్పాలి. బాపు బతుకంతా సిరిసిల్లలో మరమగ్గాల మీదే గడిచింది. వాటిని అక్కడ సాంచాలంటారు. నాలుగు సాంచాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగితే అక్కడ కన్నుమూసి తెరిచేలోగా అతికేవాడు. మొన్న వానాకాలం చివర ఒకరోజు, సాంచ ముందు నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఎడమవైపు ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. కరీంనగర్ దవాఖానలో ఉండగానే మాట వచ్చింది, కాలు కొంత వచ్చింది. ఎడమచేయి మాత్రం రాలేదు. వేళ్లు లోపలికి ముడుచుకుని పిడికిలి బిగుసుకుపోయింది. అవ్వ, అంటే మా అమ్మ, పోయి నాలుగేళ్లయింది. ఒక్కణ్ని అక్కడ వదలలేక మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆయన ఇక్కడ పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు.

చేతికి వ్యాయామం నేర్పడానికి వచ్చినతను మొదటిరోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. “మేడం, గీ చలికాలమే ముఖ్యం. చలికి చెయ్యి ఇంకింత బిగుసుకుంటది. ఇప్పుడు ఇడిచిపెడితే మల్ల తెరుచుకునుడు కష్టం.”

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మర్నాడే బడి నుంచి ఒక చార్టు తెచ్చి గోడకు అంటించాను. ఏడు గంటలకు బంతి నొక్కాలి. ఎనిమిదికి కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటీ విప్పాలి. సాయంత్రం చింతగింజల్ని ఎడమచేత్తో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయాలి. చేస్తే పచ్చపెన్నుతో టిక్కు, చేయకపోతే ఎర్రపెన్నుతో ఇంటూ. వారం తిరిగేసరికి చార్టంతా ఎర్రగా అయింది. బంతి నా కూతురికి క్రికెట్ బంతి అయింది.

“ఎందుకు చేస్తలేవు బాపూ?” అని అడిగితే ఆయన గింజల గిన్నెల వైపు చూపించాడు.

“పనంటే ఆఖరుకు గుడ్డ రావాలె బిడ్డా. గీ గిన్నెల నుంచి గా గిన్నెలకు ఏసుడు, మల్ల గా గిన్నెల నుంచి గీ గిన్నెలకు ఏసుడు. గిదేం పని? నాకేమన్న పిచ్చా?”

“చెయ్యి రావాలె గద?”

“గిది రాదు. గిది సచ్చిన చెయ్యి. దీన్ని ఇడిచిపెట్టు.”

ఏడుస్తూ అన్నా బాగుండేది. పాడైపోయిన నూలు బాబిన్‌ను పక్కన పడేసినట్టు మామూలుగా అన్నాడు. ఆ తర్వాత ఎడమచేతిని షోలాపూర్ చద్దరు కింద దాచుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి, కుక్కర్ కూతల మధ్య ఏడ్చాను. పోగు అతకడానికి రెండు చేతులు కావాలి. ఒక్కచేత్తో మిగిలిన మా బాపు మా బాపులా ఉండడని నా భయం.

గిన్నెలు అలాగే అరుగు మీద ఉండిపోయాయి. ఒక ఆదివారం నా కూతురు కిరాణా షాపు నుంచి ఖాళీ గుడ్ల అట్టలు రెండు అడుక్కొచ్చింది. ఆరేసి గుంటలున్న వరుసలు రెండు కత్తిరించి, చివర ఇంకో రెండు గుంటల ముక్కను గమ్‌తో అతికించింది. ఇటు ఏడు, అటు ఏడు. దానికి వంకాయ రంగు పూసి, ఒక కొనన ఏనుగు బొమ్మ వేసింది. ఏనుగెందుకని అడిగితే, ఏనుగు గీయడమే తనకు వచ్చని చెప్పింది. వామనగుంటల పీట తయారైంది. గింజలెట్లాగూ ఉన్నాయి. గుంటకు ఐదు చొప్పున డెబ్బై.

ఆ అట్టను చూడగానే బాపు లేచి కూర్చున్నాడు. మా చిన్నప్పుడు కరెంటు పోతే సాంచాలు ఆగిపోయేవి. చప్పుడు ఆగగానే అవ్వ గింజల సంచి తీసేది. ఇంటి ముందు నేలలో తవ్విన గుంటల్లోనే ఆట. ఒక గుంటలో గింజలు తీసి వరుసగా ఒక్కోటి పంచుకుంటూ పోవాలి. పంచడం అయ్యాక ముందరి గుంట ఖాళీగా ఉంటే, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ మనవి. ఒక్క గింజ అటూ ఇటూ అయితే ఆట మొత్తం తిరగబడుతుంది. బాపు ఆ ఒక్క గింజనే మాయం చేసేవాడు. పచ్చి తొండి. “మీ బాపుతోని ఆడేటప్పుడు మొఖం చూడకు బిడ్డా, చేతులు చూడు,” అని అవ్వ నాకు చెప్పేది. ఆయన ముఖం చూస్తే గుడిలో పూజారిలా ఉండేది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ ఆటే. పొద్దున ఎండ అరుగు మీద పడగానే ఒక ఆట, బడి నుంచి వచ్చాక ఒక ఆట. ఓడినవాళ్లు మంకీ టోపీని వెనకవైపు ముందుకు తిప్పి పెట్టుకుని అన్నం తినాలని నా కూతురు రూలు పెట్టింది. కళ్లు మూసుకుపోతాయి; ముద్ద పెట్టుకునేటప్పుడు మాత్రం నోటి వరకు పైకి ఎత్తుకోవచ్చు. మిల్లు నుంచి వచ్చిన మా ఆయన ఒంటిమీది పత్తి నూగైనా దులుపుకోకుండా ఆటకు కూర్చుని, ఓడిపోయి, టోపీ తిప్పి పెట్టుకుని, పప్పు ఎక్కడుందో తడుముతూ అన్నం తిన్నాడు. బాపు పొరమారేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

నేను మాత్రం తృప్తి పడలేదు. “ఎడమచేత్తో ఆడు బాపూ, నీకు వ్యాయామం అయితది,” అని ఆటకొకసారి గుర్తు చేసేదాన్ని. ఆ మాట వినగానే ఆయన ముఖం ముడుచుకునేది. కుడిచేత్తోనే ఆడేవాడు. ఎడమది చద్దరు కిందే. “నువ్వు జర లోపలికి పో అమ్మా,” అనేది నా కూతురు. నేను పోయి చార్టులో ఇంటూ కొట్టేదాన్ని.

ఇట్లా నెలన్నర గడిచింది. చలి బాగా ముదిరింది. ఇంతలో గింజలు తగ్గడం మొదలైంది. ఆట అయ్యాక వాటిని లెక్కపెట్టి ఊరగాయ సీసాలో పోయడం నా అలవాటు. ఒకరోజు అరవై ఎనిమిది వచ్చాయి. ఇంకోరోజు అరవై ఏడు. మర్నాడు పొద్దున అరుగు ఊడిస్తే, బాపు కూర్చునే చోట పోయినవి దొరికేవి. రోజూ ఇదే తంతు. నా కూతురేమో వరుసగా ఓడిపోతూ, ఉన్నట్టుండి మధ్యలో ఒక ఆట గెలుస్తోంది. బాపు కుడిచేయి ఎప్పుడూ అందరి కళ్ల ముందే ఉంటుంది కాబట్టి, నాకు దాని మీదే అనుమానం వచ్చింది. ఒక సాయంత్రం బాపు వినకుండా దాన్ని వంటింట్లోకి పిలిచాను.

“గింజలు దాస్తున్నవా?”

అది కాలి బొటనవేలితో గచ్చు గీకింది.

“ఒంట్లో బాగలేని తాతతోని తొండి చేస్తవా? సిగ్గనిపిస్తలేదా?”

దాని కళ్లు నిండాయి. అయినా నోరు విప్పలేదు. విప్పలేదని నాకు ఇంకా మండింది. గుడ్ల అట్టను తీసి బీరువా మీద పెట్టేశాను. రెండు రోజులు ఆట బంద్ అన్నాను. ఆట ఎందుకు లేదని తాత అడిగితే తనకు తలనొప్పని చెప్పిందట.

ఆ రెండు రోజులూ ఇల్లు మళ్లీ మూగబోయింది. బాపు చద్దరు నిండా కప్పుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. చీపురుపుల్ల బీడీ కూడా ముట్టలేదు. చార్టులో రెండు రోజులకు ఆరు ఇంటూలు పడ్డాయి. మూడోరోజు ఆదివారం. చూడలేక అట్టను దించి నేనే ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“నువ్వా?” అన్నాడు.

“ఏం, నాకు రాదా?”

నాకు బాగానే వచ్చు. లెక్కల మనిషిని కదా, నాలుగు ఎత్తుల ముందే చూస్తాను. కాసేపట్లోనే ఆయన వైపు గుంటలు ఖాళీ అయ్యాయి. ఇంకొక్క ఎత్తు వేస్తే మంకీ టోపీ ఆయనకే. అప్పుడు బాపు కుడిచేయి ఎత్తి రోడ్డు మీదికి చూపించాడు.

“అగ్గో, గా పత్తి ట్రాక్టర్ చూడు, ఎట్ల ఒరిగిందో! పడేటట్టున్నది.”

తల సగం తిప్పాను. ఆ గొంతు నాకు తెలుసు. ఇంటి ముందు, కరెంటు పోయిన చీకట్లో, అవ్వను మాటల్లో పెట్టిన గొంతు అది. చేతులు చూడు అన్న అవ్వ మాట గుర్తొచ్చి ఆగిపోయాను. కుడిచేయి గాల్లోనే ఉంది. దాంతో తొండి చేయడానికి లేదు. ఇంకోటి చచ్చిన చెయ్యి. ఇంతలో అట్టలో టప్ మని చిన్న చప్పుడైంది.

కిందికి చూశాను. చద్దరు అంచు కింది నుంచి ఎడమచేయి బయటికి వచ్చి ఉంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు వణుకుతూ, మెల్లగా, వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. రెండో గింజ జారి గుంటలో పడింది. వేళ్లు మళ్లీ మూసుకుని, చద్దరు కిందికి వెళ్లిపోయాయి.

దవాఖానలో ఉన్న రోజుల నుంచీ గుండె మీద పెట్టుకుని తిరుగుతున్న బండ ఎవరో తీసి పక్కన పెట్టినట్టయింది. కళ్లలోంచి ఆగకుండా నీళ్లు కారాయి.

“ఏమైంది బిడ్డా?”

“ఏం లే బాపూ. కంట్ల పత్తి నూగు పడ్డది.”

“కండ్లు తుడుచుకొని చూసి ఆడు. ఓడిపోయేటట్టున్నవ్,” అన్నాడు, పూజారి ముఖంతో.

ఓడిపోయాను. టోపీ తిప్పి పెట్టుకుంటానని ఒప్పుకుని, నీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను. నా కూతురు కిటికీ దగ్గర నిలబడి ఉంది. అంతా చూసింది. నేను దాని ముందు కింద కూర్చున్నాను.

“నీకు తెలుసా?”

తల ఊపింది. “ముందుగాల కుడిచేత్తోని గా వేళ్లు ఇప్పి, అండ్ల గింజ పెట్టి మూసేటోడు. అండ్ల ఎవ్వరు చూడరు గద! మల్ల తియ్యాలన్నా కుడిచేత్తోనే ఇప్పేటోడు. ఒకపారి తెరుచుడు, ఒకపారి మూసుడు, ఆటంత గదే పని. ఇప్పుడిప్పుడు గా చెయ్యే ఇప్పుకుంటుంది.”

ఎనిమిదింటికి కుడిచేత్తో ఎడమచేతి వేళ్లను ఒక్కొక్కటీ విప్పాలి. నా చార్టులో రెండో వరుస అదే. నేను ఎర్ర ఇంటూలు కొట్టిన రోజుల్లో ఆయన దాన్ని నేను రాసినదానికంటే ఎక్కువే చేశాడు.

“మరి నేను తిట్టినప్పుడు ఎందుకు చెప్పలేదు బిడ్డా? తిట్లెందుకు పడ్డవ్?”

అది గోడ వైపు చూసింది.

“చెప్తే దాన్ని సుత నువ్వు చార్టుల రాస్తవ్. గప్పుడు తాత బంద్ చేస్తడు.”

తప్పు నాది, క్షమించమని అడిగాను. చార్టు చింపడానికి లేచాను. “చింపకు, వెనుక తెల్లగుంది,” అని అదే ఆపింది. ఆ తెల్లటి వైపు ఇప్పుడు ఏనుగులు ఉన్నాయి.

వ్యాయామం నేర్పేతనికి మాత్రం ఫోన్ చేసి గుట్టుగా చెప్పాను. అతను నవ్వి, అట్లనే ఆడనియ్యండి మేడం అన్నాడు. బాపు చేయి పూర్తిగా వస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తెరుచుకుంటోంది, అంతే చాలు.

మర్నాడు బడి నుంచి రాగానే బాపు ఎదుట కూర్చున్నాను. రెండు ఎత్తులయ్యాక, ఎక్కువ గింజలు చేరిన నా గుంట ఆయన ఎడమచేతి దగ్గరికి వచ్చేటట్టు అట్టను కాస్త జరిపాను. ఈసారి ఆయన చెప్పకముందే నేనే రోడ్డు వైపు చూశాను.

“పత్తి బండ్లు ఈసారి ఎక్కువనే వస్తున్నయ్ బాపూ,” అన్నాను.

“ఔ బిడ్డా, మస్తు వస్తున్నయ్. చూడు, మంచిగ చూడు,” అన్నాడు.

చూశాను. రోడ్డు మీద ఒక్క బండి కూడా లేదు. ఆ వేళ్లకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూశాను. తిరిగేసరికి నా గుంటలో రెండు గింజలు తక్కువున్నాయి.