సుగుణమ్మగారూ, మస్తాన్ నడకా

చెప్పుల దుకాణం ముందు కొత్త తోలు వాసన తగిలినప్పుడల్లా నాకు సుగుణమ్మగారు గుర్తొస్తారు. గుంటూరు ఆసుపత్రిలో నడవలేని పిల్లల కాళ్ళకు ఇనుప కడ్డీలు పెట్టి, తోలు బెల్టులు బిగించి నిలబెట్టే నర్సమ్మ ఆవిడ. గొంతు పెద్దది, చెయ్యి మాత్రం మహా మెత్తన. పందొమ్మిది వందల యాభైల చివర్లో మా తమ్ముడు మస్తాన్‌ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం.

మాది ప్రత్తిపాడు. నాన్న దూది ఏకేవాడు. మస్తాన్ మాటిమాటికీ పడిపోతుంటే, కాళ్ళకు బలం వస్తుందని అమ్మ రోజూ పొద్దున్నే వాణ్ణి మొల లోతున వాగు ఇసుకలో పాతి పక్కనే కూర్చునేది. వాడూ ఏడ్చేవాడు, అమ్మా ఏడ్చేది. అంతా బద్ధకమని నాన్న కసిరేవాడు. ఇదంతా విని చీవాట్లు పెడతారనుకుంటే, సుగుణమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు.

"బాగవ్వాలనే చేశావు, ఇంక చాలు. వాడి కండల్లోనే సత్తువ తగ్గిపోతోందమ్మా. వాడి బద్ధకమూ కాదు, నీ పాపమూ కాదు. ఈ కడ్డీలు జబ్బు నయం చెయ్యవు, కొన్నాళ్ళు నడిపిస్తాయి."

కొన్నాళ్ళే అన్న మాట అమ్మ చెవికెక్కలేదు. వాడు కడ్డీలతో బడికి నడుస్తుంటే గుమ్మంలో నిలబడి మురిసిపోయేది. ఆ నడక ఆగితే కొడుకే చేజారిపోతాడని ఆమె భయం. వానాకాలం మా నల్లరేగడి ఆ బూట్లకు ముద్దలుగా అంటుకుని అడుగు పడనిచ్చేది కాదు. నాన్న ఎత్తుకుంటానన్నా అమ్మ ఒప్పుకునేది కాదు. అది తెలిసి సుగుణమ్మగారు గట్టిగానే కోప్పడ్డారు.

"ఆ బురదలో నేనే నడవలేను, వాడేం నడుస్తాడు? ఎత్తుకుపోండయ్యా!"

కొన్నేళ్ళకు కడ్డీలున్నా వాడి నడుము నిలవడం మానేసింది. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. సుగుణమ్మగారు మమ్మల్ని దాటుకుని వెళ్ళారు. మస్తాన్ ముందు నేలమీద కూర్చుని, "నీకెట్లా ఉంది నాయనా? నువ్వు చెప్పు," అన్నారు. అప్పటిదాకా ఆ మాట మేమెవ్వరం వాణ్ణి అడగలేదు.

వాడు అమ్మ వంక బెదురుగా చూసి, "ఇవి తీసేస్తే ఇంక పడను గదండీ?" అన్నాడు.

"పడవు. చక్రాల కుర్చీలో తిరుగుదువుగాని."

"అమ్మయ్య!" అన్నాడు మస్తాన్.

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. తనే వంగి బెల్టులు విప్పింది. మస్తాన్ ఎక్కువ కాలం బతకలేదు. కానీ బతికినన్నాళ్ళూ నాన్న దూది కొట్టు ముందు కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను ఆటపట్టిస్తూ హాయిగా ఉన్నాడు.

తర్వాత నేనూ నర్సునయ్యాను. మంచం చుట్టూ చేరి ఎంతమంది ఎన్ని చెప్పినా, ముందు మంచం మీదున్న మనిషినే అడుగుతాను. కొందరు చప్పున చెప్పరు, తమవాళ్ళ మొహాలకేసి చూస్తారు. తమకెట్లా ఉందో తామే చెప్పేదాకా పక్కనే కూర్చుంటాను.