పెన్నిచ్చిన పాపానికి

మొన్న మా రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ళు ఫోనుకు ఒక జాబితా పంపారు. ఏటా పంపేదే. విమానంలో సీట్లు మిగిలితే పాసు మీద ఎక్కడానికి మాలో ఎవరి తర్వాత ఎవరన్నది అందులో ఉంటుంది. పద్మారావు నగర్ నుంచి రెజిమెంటల్ బజార్ దాకా పోవడానికే ఆటో కావాల్సిన నా మోకాళ్ళకు ఇప్పుడా జాబితాతో పనేమీ లేదు గానీ, అలవాటు చావదు కదా, కళ్ళద్దాలు వెతుక్కుని, అక్షరాలు పెద్దవి చేసుకుని, నా పేరు కంటే ముందు, నా పేరుకు పైన ఎప్పుడూ ఉండే పేరు కోసం చూశాను. ఆ పేరు లేదు. ఆ చోట నేనున్నాను. మీ దగ్గర దాపరికం ఎందుకు, ముందు నాకు కలిగింది సంతోషమే. అమ్మయ్య, ఇన్నాళ్ళకు దాటాను అనుకున్నాను. ఆవిడ పోయి నాలుగు నెలలయిందనీ, పూలదండ పట్టుకుని ఆ ఇంటికి నేనే వెళ్ళి వచ్చాననీ ఆ తర్వాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఫోను బోర్లించి పెట్టాను.

మా తరం వాళ్ళకు చెబితే అర్థమవుతుంది, ఆ రోజుల్లో విమానం అంటే ఇల్లంతా బయటికొచ్చి తలెత్తి చూసే వస్తువు. అలాంటి విమానాల కంపెనీ వారి సికింద్రాబాదు టికెట్ల ఆఫీసులో ఆడపిల్లకు ఉద్యోగం వచ్చిందంటే మా చర్చిలో ఆ ఆదివారం నా గురించి ప్రత్యేకంగా కృతజ్ఞతా ప్రార్థన చేశారు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడి మిషన్ బడిలో స్థిరపడిన టీచరు. ఉద్యోగంలో చేరేరోజు ఆయన నాకొక కొత్త పెన్ను కొనిచ్చి, అందులో ఊదారంగు సిరా తనే పోసి, పాళీ తుడిచి మరీ చేతికిచ్చారు. ఆఫీసు తెరవక ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. అరగంట తర్వాత ఇంకో అమ్మాయి రొప్పుకుంటూ వచ్చింది. రెజిమెంటల్ బజార్లో బట్టల కొట్టువాళ్ళమ్మాయి, నా కంటే రెండేళ్ళు చిన్నది, ఆమె కూడా అదేరోజు చేరాలి. గుమాస్తా హాజరు పట్టీ మా ముందుకు తోశాడు. నేను పెన్ను మూత తీశానో లేదో, "అక్కా, పెన్ను జెర ఇస్తవా? ఇంట్ల మర్చిపోయొచ్చిన" అంది. ఏదైనా ముందు పక్కవాళ్ళకిచ్చి తర్వాత మనం తీసుకోవాలని మా నాన్న చిన్నప్పటినుంచీ నేర్పిన మర్యాద ఒకటి ఉంది చూశారూ, అది నా చేతిని ముందుకు తోసింది. ఆమె చక్కగా సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, పెన్ను నాకిచ్చింది. నేను ఆ కింద చేశాను.

ఆరునెలల తర్వాత సీనియారిటీ జాబితా గోడకు అంటించినప్పుడు గానీ ఆ మర్యాద ఖరీదు నాకు తెలియలేదు. ఒకేరోజు చేరినవాళ్ళలో పట్టీలో సంతకం ఎవరిది ముందుంటే వాళ్ళే సీనియరని అక్కడి ఆనవాయితీ. ఆమెది ముప్పై ఏడు, నాది ముప్పై ఎనిమిది. నా పెన్నుతో, నా సిరాతో, నా కళ్ళ ముందు నాకు సీనియరై కూర్చుంది! మొదటిరోజు నన్ను అక్కా అన్న ఆ పిల్ల, జాబితా చూసిన రోజునుంచీ పెద్దరికం వచ్చేసి, నవ్వుతూ "చెల్లె" అని పిలవడం షురూ చేసింది. ఆఫీసంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల ఒళ్ళు మండిపోయేది. అప్పటినుంచీ ఆమెను నేను మనసులో 'పై నంబరావిడ' అనే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఒక్క నంబరుకు ఇంత రాద్ధాంతమా అని మీకనిపించవచ్చు. మా పాసులకు సీటు ఖాయం కాదు, డబ్బు కట్టిన ప్రయాణికులందరూ ఎక్కాక మిగిలితేనే మాకు. స్టాండ్‌బై అనేవాళ్ళం. మిగిలేవి ఒకటో రెండో. వాటి కోసం బేగంపేట విమానాశ్రయంలో కౌంటరు పక్కన పెట్టెలతో, తల్లిదండ్రులతో నిలబడి, గుమాస్తా నోటినుంచి సీనియారిటీ వరసలో పేర్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడటం. ఆ వరస కోసం మా ఆఫీసులో జరగని తగవు లేదు. మొగుడి తల్లిదండ్రులకిచ్చే పాసు పెళ్ళాం తల్లిదండ్రులకు ఇవ్వరేమని ఒకాయన అలిగి రెండేళ్ళు అత్తవారింటికి పోలేదు, ఇద్దరు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఆరునెలలు మాట్లాడుకోలేదు, వేసవి సెలవులొస్తే అందరం ఒకరి ముఖం ఒకరం అనుమానంగా చూసుకునేవాళ్ళం. నేనైతే ఒకడుగు ముందుకేసి, ఒకేరోజు చేరినవాళ్ళకు వయసును బట్టి వరస ఇవ్వాలని అర్జీ రాసి పదకొండు సంతకాలు పెట్టించాను. మా మేనేజరు పాత పట్టీ తెప్పించి నా ముందు తెరిచాడు. పేజీ అంతా నీలం సిరాలో ఉంటే అడుగున రెండే రెండు సంతకాలు ఊదారంగులో, ఆమెది పైన, నాది కింద. ముఖం మాడ్చుకుని బయటికొచ్చేసరికి ఆవిడ నాకోసం చాయ్ తెప్పించి ఉంచింది. అర్జీ తనమీదేనని తెలిసి కూడా తెప్పించింది. అది నాకింకా కష్టంగా ఉంది.

ఇంతలో మా అమ్మ సంగతి వచ్చింది. బొంబాయిలో మా పెద్దమ్మ ఉండేది. చెల్లెలు విమానమెక్కి వస్తే చూడాలని ఆమెకు, ఎక్కి వెళ్ళాలని మా అమ్మకు కోరిక. మా అమ్మ ఆ మాట నాతో అని ఊరుకుంటే బాగుండేది, చర్చిలో స్త్రీల సమాజంలో చెప్పింది. వాళ్ళు ఆమె ప్రయాణం కొరకు మోకాళ్ళ మీద ప్రార్థన చేసి, దారిలో తినమని రొట్టె, కేకు కట్టి పంపారు. ఆ ఉదయం బేగంపేటలో మిగిలినది ఒక్క సీటు. అప్పటికి పై నంబరావిడకు పెళ్ళయింది, అందులో ఆవిడ మామగారు ఎక్కి వెళ్ళారు. మేం పెట్టెతో సహా ఆటోలో తిరిగి వస్తుంటే మా వీధిలోవాళ్ళు, "ఏమ్మా, అప్పుడే వచ్చేశారా?" అని పలకరించారు. నెల తర్వాత మళ్ళీ ప్రార్థన, మళ్ళీ కేకు, మళ్ళీ బేగంపేట. ఈసారి మిగిలినవి మూడు, పై నంబరావిడ, ఆమె అత్తగారు, ఆడపడుచు ఎక్కారు. ఆదివారం చర్చికి పోయే వేళకు మా అమ్మకు తలనొప్పి వచ్చింది. ఆమెకు తలనొప్పి రావడం నేనెరిగి అదే మొదటిసారి. పాదిరిగారి భార్య వచ్చి, దేవుని చిత్తం ఇంకో విధంగా ఉందేమో అని ఓదార్చి వెళ్ళాక మా అమ్మ నాతో ఒకే మాట అంది, "ఇంకొక్కసారి చూద్దామే. ఈసారి కూడా వెనక్కొస్తే ఇక నన్నడగొద్దు, నేను రాను." ఆమె ఆశను అందరి ముందూ నేనే నవ్వులపాలు చేస్తున్నానన్న బాధ ఒకవైపు, ఆ ముప్పై ఏడో నంబరు మీద కుళ్ళు ఇంకోవైపు, ఆ నెలంతా నాకు తిండి సహించలేదు.

మూడోసారి అమ్మను పాసు మీద ఒంటరిగానే పంపుదామనుకున్నాను, అక్కడ పెద్దమ్మ కొడుకు వచ్చి తీసుకెళ్తాడు, ఒక్క సీటయితే చాలు. తీరా వెళ్ళేసరికి కౌంటరు పక్కన ముందే ఆవిడ నిలబడి ఉంది, చేతిలో పిండివంటల డబ్బా, మేం కజ్జికాయలనే గర్జెలు, మడుగులు. బొంబాయిలో మర్నాడు ఆమె చెల్లెలి సీమంతమట. గుమాస్తా పెద్ద కాగితం పట్టుకుని టికెట్లు లెక్క చూసుకుంటున్నాడు. అప్పుడావిడ డబ్బా నా కాళ్ళ దగ్గర పెట్టి, "చెల్లె, బొంబాయికి ఒక్క ఫోన్ చేసొస్త. నా పేరు పిలిస్తే జెర కేకెయ్యి" అని ఇరవై అడుగుల దూరంలోని టెలిఫోను దగ్గరికి పోయింది.

ఆమె రిసీవరు చెవికి పెట్టుకుందో లేదో ఇక్కడ గుమాస్తా ఒక్క సీటే ఉందని చెప్పి ఆమె పేరు పిలిచాడు. మా దగ్గర పద్ధతి, ఎక్కేది ఎవరైనా ఉద్యోగి పేరే పిలుస్తారు, రెండు పిలుపులు. పలకకపోతే కొట్టేసి కింది పేరు. మొదటి పిలుపుకు నా నోరు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. మా అమ్మ పెట్టె మీద కూర్చుని, కొంగు రెండుచేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది, ప్రార్థన చేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. రెండో పిలుపు కొంచెం గట్టిగానే పిలిచాడు. నేను ఆ డబ్బా మూత వైపు చూస్తూ నిలబడ్డాను. గుమాస్తా గీత కొట్టి నా పేరు చదివాడు. ఈసారి మాత్రం నా నోరు ఎంత చప్పున తెరుచుకుందో!

ఆవిడ తిరిగొచ్చేసరికి మా అమ్మ అటువైపు ద్వారం దాటేసింది. "పిల్వలేదా చెల్లె?" అంది. పిలిచారు, ఈ గోలలో నాకూ వినబడలేదు అన్నాను. గుమాస్తా నన్ను చూసి తల దించుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం అద్దంలోంచి విమానం వైపు చూసి, "పోనియ్ తియ్. అమ్మ సుత ఎన్నిసార్లని తిరుగుతది పాపం. నాదేముంది, రేపు పోత" అంది. కానీ మర్నాడు విమానం నిండిపోయింది. చెల్లెలి సీమంతం ఆవిడ లేకుండానే జరిగింది. ఆ డబ్బా ఆఫీసుకు తెచ్చి అందరికీ పంచింది. నాకు గొంతు దిగలేదని రాస్తే మీకు బాగుంటుంది గానీ అది అబద్ధం. గర్జెలు చాలా బాగున్నాయి, రెండు తిన్నాను, అంత బాగా చేసినందుకు ఇంకా కుళ్ళుకున్నాను.

మా అమ్మ వచ్చాక చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. దేవుడు ఆఖరి నిమిషంలో తనకోసం సీటు తెరిచాడని ఆమె చెబుతుంటే అందరూ స్తోత్రం అన్నారు, నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, ఉన్నట్టుండి అడిగింది, ఆ ఫోను దగ్గరి అమ్మాయి ఎవరే అని. నీ పేరు పిలవగానే నేను కళ్ళు తెరిచి చూస్తే ఆ పిల్ల నాకేసి చూస్తూ వెళ్ళండి వెళ్ళండి అన్నట్టు తలూపింది, మంచి పిల్ల అంది. మా అమ్మ కళ్ళలో అప్పటికే శుక్లాలు, ఇరవై అడుగుల దూరంలో ఎవరు తలూపారో, ఎందుకూపారో ఆమెకెంత కనబడిందో చెప్పలేను. ఫోనులో చెల్లెలి మాటలకే తలూపిందేమో. లేక తన పేరు విని, పెట్టె మీద కూర్చున్న మా అమ్మను చూసి, నా మూసుకున్న నోరూ చూసి, ఊరుకుందేమో.

ముప్పై ఏళ్ళు ఒకే గదిలో పనిచేశాం. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అడగలేదు. వినబడలేదని ఆమె అంటే నేను దొంగను, అది ఎలాగో భరించుకోగలను. వినబడిందని అంటే మాత్రం ఆ సీటు ఆమె పెట్టిన భిక్ష అవుతుంది. నంబరులోనూ నా పైనే, మంచితనంలోనూ నా పైనేనా అని, ఆ రెండోది నాకు అసలు మింగుడు పడేది కాదు. అందుకే దొంగగా ఉండటమే ఎంచుకున్నాను. చివరిసారి చూడబోయినప్పుడు మంచంలో ఉండి, చుట్టూ ఉన్నవాళ్ళకు నన్ను చూపించి, "గీమె నా చెల్లె" అంది. నేను రెండేళ్ళు పెద్దదాన్నని అప్పుడు కూడా చెప్పబోయి మానుకున్నాను. అదొక్కటే మానుకున్నాను గానీ, అడగాల్సింది ఆరోజూ అడగలేదు.

ఇప్పుడు బేగంపేట నుంచి ఆ విమానాలు లేవు. పాసులున్న ఇప్పటి పిల్లలు ఇంట్లోనే ఫోనులో చూసుకుంటారట, సీటు వచ్చిందో లేదో అందులోనే తెలిసిపోతుందట, ఎవరి పేరూ ఎవరూ బయటికి పిలవరట. తగవులు తగ్గాయని మా మేనల్లుడు గొప్పగా చెబుతాడు, నిజమే అయ్యుంటుంది. నేను మాత్రం ఆ జాబితాను రోజుకోసారి తీసి చూసుకుంటున్నాను. నలభై ఏళ్ళు కోరుకున్న చోటు, ఒక్క నంబరు పైన. రేపు నిజంగానే పాసు మీద బయల్దేరితే ఆవిడ చోట నా పేరే వస్తుంది. నేను కేకెయ్యవలసిన మనిషి మాత్రం ఇక లేదు.