ఒక్క పేరా తీయనన్న పత్రిక

వనపర్తి బస్టాండులో కొల్లాపూర్ బస్సు ఎక్కడ ఆగుతుందో ప్రతిసారీ ఎవరినో ఒకరిని అడిగే నన్ను, హైదరాబాదులోని ఒక ఇంటర్నెట్ పత్రిక ‘పశ్చిమాసియా వ్యవహారాల విశ్లేషకుడు’ అని పరిచయం చేసేది. గద్వాల నెట్ సెంటర్లో కూర్చుని, కరెంటు పోయేలోపు ఏదో ఒక దేశానికి హితవు చెప్పి ఇంటికొచ్చేవాణ్ణి. ఏ దేశమూ వినేది కాదు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకునేవాణ్ణి.

గద్వాలలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలిని చాచీ అని పిలిచేవాణ్ణి. ఆమె కొడుకు గల్ఫ్‌లో ఖర్జూరం తోటలో పనికి పోయాడు. అక్కడివాళ్లు పాస్‌పోర్టు గుంజుకుని ఇంటికి రానివ్వడం లేదు. శుక్రవారాలు అతను ఫోన్లో చెప్పుకునే గోడు విని, ఆ దేశపు వీసా విధానం మీద వ్యాసం రాశాను. మనిషి పేరు రాయలేదు, ఊరు రాయలేదు. సంపాదకుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, “నిజమో కాదో చూసుకోవడానికేనండీ, బయటికి రాదు” అంటూ అతని ఊరూ, తోట పేరూ అడిగాడు. చెప్పాను. రెండూ వ్యాసంలోకి ఎక్కించాడు.

ప్రింటు తెచ్చి చదివి వినిపిస్తుంటే చాచీ సగంలోనే ఆపింది.

“గద్వాలోడని రాసిన్రా? ఆ తోటల గద్వాలోడు మావోడొక్కడే గద సారూ!”

అప్పటికప్పుడు సంపాదకుడికి ఫోన్ చేశాను. “పేరు లేదు కదండీ. అయినా ఆ షేకు తెలుగు చదువుతాడా?” అని నవ్వాడు.

ఆ మాట చెబితే చాచీ నవ్వలేదు. “షేకు సదవడు. మావోని మీద సూపర్‌వైజరున్నడు సూడు, వాడు తెలుగోడే. పొద్దంత కంప్యూటర్ ముంగట్నే కూసుంటడంట. జర తీసెయ్యమను సారూ.”

ఆ పేరా తీసెయ్యమని మళ్లీ ఫోన్ చేస్తే, “ప్రచురించింది మార్చం. అది మా పాలసీ” అన్నాడు సంపాదకుడు. వారం వారం ఇన్ని దేశాల పాలసీలు తెల్లారేసరికి మార్చెయ్యమని నాచేత రాయించే మనిషి, తన దాంట్లో ఒక్క పేరా కదపలేడట! పైగా పత్రిక విశ్వసనీయత అన్నాడు. నమ్మి చెప్పుకున్నవాణ్ణి పట్టించి సంపాదించేది ఏం విశ్వసనీయత? ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే నాకు మాటకన్నా ముందు దగ్గొస్తుంది. దగ్గుకుంటూనే, నా వ్యాసాలన్నీ తీసెయ్యమన్నాను. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. రచయిత కోరితే మొత్తం తీసెయ్యడానికి వేరే పాలసీ ఉందట. సాయంత్రానికి ప్రపంచానికి నేను చెప్పిన హితవంతా మాయమైంది. ప్రపంచం గమనించినట్టు లేదు.

ఆ శుక్రవారం ఫోన్ రాలేదు. చాచీ పొయ్యి ముట్టించలేదు. మర్నాడు కొడుకు ఎవరి ఫోన్ నుంచో రెండు నిమిషాలు మాట్లాడాడు. పెట్టేశాక చాచీ చెప్పింది: “మనం తీయించకముందే ఆ సూపర్‌వైజరు సదివిండంట. ‘గద్వాలకు చాడీలు చెప్తున్నవా’ అని ఫోన్ గుంజుకుండంట. ఇగ పాస్‌పోర్ట్ మాటే ఎత్తొద్దన్నడంట.”

చాచీ పక్కనే ఉండగా మళ్లీ హైదరాబాదుకు ఫోన్ కలిపి, జరిగింది చెప్పాను.

“అంటే అక్కడిదాకా మనల్ని చదువుతున్నారన్నమాట!” అన్నాడు సంపాదకుడు హుషారుగా. “దీని మీద ఇంకో వ్యాసం రాయండి సార్, వెంటనే వేస్తాం.”

“ఏమంటుండు సారూ?” అంది చాచీ.

“రాంగ్ నంబర్ చాచీ” అని ఫోన్ పెట్టేశాను.