బోర్లించి చూసిన రాయి

ల్యాబులో అందరూ ఆయన్ని డేగకన్ను అంటారు. ఇంట్లో ఉప్పు డబ్బా ముక్కు ముందున్నా ఆయనకి కనిపించదని భార్య చెబితే నమ్మే నాథుడు లేడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన పని ఒకటే, వజ్రాల రంగు చూసి ఇంగ్లీషు అక్షరం వేయడం. బొత్తిగా రంగు లేనిది డి. అక్కడి నుంచి అక్షరం దిగేకొద్దీ పసుపు పెరుగుతుంది.

చూసే పద్ధతి మాత్రం విడ్డూరం. రాయిని తెల్లటి ట్రేలో బోర్లించి, నమూనా రాళ్ళ పక్కన పెట్టి, వెనక వైపు నుంచి చూస్తారు. ముఖం పైకి ఉంటే మెరుపు కన్నుని మోసం చేస్తుందట. మనిషిని చూసి రమ్మంటే మడమలు చూసి వచ్చినట్టుందని భార్య వెక్కిరిస్తుంది.

ఆవిడ వేలి ఉంగరం ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్ళికి ముందు, షాపు దీపాల కింద ఏరి కొన్నది. "చుక్క పసుపు లేదు, నా మాట నమ్ము" అన్నాడు. ఆవిడ నమ్మింది. నమ్మడమే కాదు, తోడికోడళ్ళందరి చేతా నమ్మించింది.

ఈ మధ్య ఉంగరం పట్టు అరిగి రాయి ఊగిసలాడుతుంటే కంసాలి దాన్ని ఊడదీశాడు. ఎలాగూ ఊడింది కదా, ల్యాబు కాగితం తెచ్చి తన పాత మాట నిజమని చూపించాలని ఆయనకి ముచ్చట పుట్టింది. భార్య పేరున కౌంటర్లో ఇచ్చి తన పనిలో పడ్డాడు. లోపల రాళ్ళకి పేర్లుండవు, పొట్లం మీద నంబరే. ఎవరిది ఎవరి బల్లకి వస్తుందో బ్రహ్మకి కూడా తెలియదు.

ఆ వారం ఒక రాయి దగ్గర పేచీ వచ్చింది. ఆయన కె వేశాడు, పక్క బల్ల అమ్మాయి ఐ వేసింది. "పసుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంటే ఐ ఏమిటమ్మా? కళ్ళజోడు మార్చు" అన్నాడు. తేడా వస్తే తీర్పు చెప్పే మూడో మనిషి ఆయన వైపే మొగ్గాడు.

శుక్రవారం కౌంటర్లో తన పొట్లం తీసుకుని కాగితం విప్పాడు. కె. నంబరు చూస్తే, అది ఆ పేచీ రాయే!

కిటికీ దగ్గరికెళ్ళి రాయిని అరచేతిలో పెట్టుకున్నాడు. ముఖం పైకి ఉంటే మల్లెపువ్వు తెలుపు. బోర్లిస్తే పసుపు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తెలుపు. అప్పటి కుర్రకన్ను తప్పా, ఇప్పటి ముసలికన్ను తప్పా? రెండూ ఒప్పే అయితే కాగితం మీద ఒక్క అక్షరమే ఎందుకుంది? ఎంత ఆలోచించినా పాలుపోలేదు.

అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. "నీకు నిజంగా ఐ లాగే కనిపించిందా?"

"అప్పుడు కనిపించింది మాస్టారూ. మీరు కె అన్నాక నాకూ కె లాగే కనిపిస్తోంది."

దాంతో ఆయనకి ఉన్న మతి కూడా పోయింది.

కంసాలి చేత రాయి బిగించుకుని సాయంత్రం ఇల్లు చేరాడు. ఆవిడ ఉంగరం తొడుక్కుని మురిసిపోయి, కాగితం కోసం చెయ్యి చాచింది. దాచలేక ఇచ్చాడు. ఆవిడ చదివింది.

"ఇది రాసినవాడెవడో గానీ, నా ఉంగరం సరిగ్గా చూడలేదు."

"రాసింది నేనే."

"నాదని తెలియకే కదా?"

"తెలిస్తే..." అని ఆగిపోయాడు. తెలిస్తే ఏం రాసేవాడో ఆయనకే తెలియదు. సిగ్గేసింది, భయం కూడా వేసింది.

"సరే, ఇప్పుడు చూసి చెప్పండి" అంటూ ఆవిడ చెయ్యి ముందుకు పెట్టింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకుని, అలవాటుకొద్దీ, అరచెయ్యి పైకి వచ్చేలా తిప్పి ఉంగరం అడుగు వైపు కళ్ళు చికిలించాడు.

ఆవిడ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇన్నేళ్ళలో నా వేలికి ఉండగా ఒక్కసారైనా దీన్ని ఎదురుగా చూశారా?"

ఆయన గుర్తు తెచ్చుకోబోయాడు. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.